కదలికను కనిపెట్టు కావలి కన్ను

ఇంటికి తాళము వేసి ఊరికి పోయినవారి మనస్సు సగము గుమ్మము వద్దనే ఉండును. పూర్వము ఇరుగుపొరుగువారితో ఒక మాట చెప్పి వెళ్ళుట వాడుక. నేడు ఆ పనిలో కొంత భాగమును అరచేతిలో ఇమిడెడు చిన్న కంప్యూటరుకు అప్పగింపవచ్చును. ఏదైనా కదలినప్పుడు మాత్రమే చిత్రము నిలువచేయు కెమెరాను ఇంటివద్ద ఎట్లు కూర్చుకొనవచ్చునో, అందు వహింపవలసిన జాగ్రత్తలెవ్వియో ఇచ్చట వివరింపదలచితిమి.

ఈ పనికి మేము ఎన్నుకొన్నది రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు. దీని భాగములన్నియు ఒకే పలకపై అమరియుండును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున రూపొందిన ఈ పలక, బాలబాలికలకు కంప్యూటరు విద్య నేర్పు ఉద్దేశముతో 2012 ఫిబ్రవరి 29న విపణికి వచ్చినది. దూరము నుండి కెమెరాతో ఒక వస్తువును కనిపెట్టియుండు ముచ్చటకు కూడ ఆ ఊరితో సంబంధము కలదు. 1991లో అచ్చటి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలవారు, పాత్రలో కాఫీ మిగిలినదో లేదో తమ బల్లల వద్ద నుండియే చూచుటకై దాని కెదురుగా ఒక కెమెరాను నిలిపిరి. ఖాళీ పాత్ర కొరకు లేచి వెళ్ళు శ్రమ తప్పించుకొనుటకు చేసిన యుక్తి యది!

కావలసిన సామగ్రి స్వల్పమే: కంప్యూటరు పలక, దానికి తగిన కెమెరా, మెమొరీ కార్డు, అడాప్టరు, కదలికను పసికట్టు పీఐఆర్ సెన్సరు. నాలుగవ తరము పలకకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇచ్చు అడాప్టరు అవసరము. చేతికందిన ఫోను చార్జరును తగిలించినచో వోల్టేజి చాలక యంత్రము నడుమ నడుమ ఆగిపోవచ్చును; కార్డులోని సమాచారము చెడుటయు కలదు.

పీఐఆర్ సెన్సరు పని వింతగా నుండును. మన శరీరము కంటికి కానరాని ఉష్ణకిరణములను ఎల్లప్పుడు వెలువరించుచుండును. సెన్సరు లోపల ఆ కిరణములను గ్రహించు రెండు భాగములు పక్కపక్కన ఉండును. గది మొత్తము వేడెక్కినచో రెండును సమానముగా మారును గనుక ఫలితము శూన్యము. మనిషి అడ్డముగా నడచినప్పుడు మాత్రము మొదట ఒకటి, పిదప రెండవది ఆ వేడిని గ్రహించును. ఆ భేదమే విద్యుత్ సంకేతమగును. కావున సెన్సరుకు ఎదురుగా వచ్చువానికంటె అడ్డముగా పోవువాడు త్వరగా దొరకును. దానిని అమర్చునప్పుడు ఈ సంగతి మరువరాదు. కిటికీ అద్దము ఈ కిరణములను ఆపివేయును గనుక అద్దము వెనుక నుంచిన సెన్సరు నిరుపయోగము.

ఈ సెన్సరుకు మూడు తీగలు. ఒకటి పలకపై 5 వోల్టుల సూదికి, ఒకటి గ్రౌండు సూదికి, సంకేతము తెచ్చు మూడవది 11వ సూదికి కలుపవలెను. సంకేతపు సూదులు 3.3 వోల్టులకు మించి తాళజాలవు. పొరపాటున 5 వోల్టులు తగిలినచో పలకయే పాడగును. కరెంటు తీసివేసిన పిమ్మటనే తీగలను, కెమెరా పట్టీని తగిలింపవలెను.

సెన్సరు లేకుండ కెమెరాతోనే కదలికను కనిపెట్టు మార్గము మరియొకటి కలదు. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల చిత్రములో 3,07,200 చుక్కలుండును. కంప్యూటరు ఒక్కొక్క చిత్రమును అంతకుముందరి చిత్రముతో పోల్చి, మారిన చుక్కలు మనము నిర్ణయించిన సంఖ్యను దాటినప్పుడు కదలిక జరిగినదని గ్రహించును. ఇందుకు మోషన్ అను ఉచిత ప్రోగ్రాము లభించును.

మేము మొదట ఈ రెండవ మార్గమునే నమ్మి వరండాలో కెమెరా నుంచితిమి. తెల్లవారి చూడగా వందల కొలది చిత్రములు! గాలికి ఊగిన కొబ్బరిమట్టల నీడలే అన్నిటను. పాలవాని చిత్రము ఒకటి దొరకినది గాని, అందు వాని వీపు మాత్రమే కలదు. నాటినుండి రెండు మార్పులు చేసితిమి. సెన్సరు, చిత్రము రెండును ఏకీభవించిననే నిలువచేయుట ఒకటి. గడచిన 5 సెకనుల దృశ్యమును ఎప్పటికప్పుడు జ్ఞాపకములో నుంచుకొని, కదలిక కనబడగానే దానిని కూడ చేర్చుట రెండవది. అప్పటినుండి వచ్చువారి ముఖములు దొరకినవి.

మూడవ మార్పు పొరుగింటి ఇల్లాలు చెప్పగా చేసినది. "అన్నయ్యగారూ, ఆ కన్ను మా వాకిలి కూడా చూస్తుందా?" అని ఆమె యడిగినది. చూచితిమి, నిజమే. ఆమె ముగ్గు వేయుట, పిల్లలు బడికి పోవుట అన్నియు మా కార్డులో నున్నవి. సిగ్గుపడి వానిని తుడిచివేసి, కెమెరాను మా గడపవైపు త్రిప్పి, మిగిలిన భాగము చిత్రములో నల్లగా కనబడునట్లు కప్పితిమి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ఆ తీర్పు లేకున్నను, ఒకరి వాకిలిని వారి యెరుకలేకుండ చూచుట మర్యాద కాదు.

మరియొక ప్రమాదము కలదు. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డులను మార్చక వదలిన కెమెరాలు మున్నగు పరికరములను లక్షల సంఖ్యలో వశపరచుకొని ఇంటర్నెట్టుపై దాడికి వాడుకొన్నది. బలహీనమైన పాస్‌వర్డు గల కెమెరా, ఇల్లు ఎప్పుడు ఖాళీగా నున్నదో దొంగకే చెప్పగలదు. కావున దీర్ఘమైన పాస్‌వర్డు పెట్టుకొని, ప్రోగ్రాములను తరచు నవీకరింపవలెను. అవసరము లేనిచో ఇంటర్నెట్టుకు కలుపకుండుటయే క్షేమము.

చివరగా ఒక మాట. ఈ కన్ను వచ్చినవానిని చూపును గాని ఆపజాలదు. గట్టి తాళము, వీధి దీపము, పలుకరించు పొరుగు, వీనికి ఇది తోడు మాత్రమే. మేము ఊరికి పోవునప్పుడు నేటికిని ఆ పొరుగింటి ఇల్లాలితో చెప్పియే వెళ్ళుచున్నాము.