కుర్చీ లేని గుమాస్తా ‘పాపీ’

లండన్ నగరంలో బీమా సేవల సంస్థ ఒకటి ‘పాపీ’ అనే గుమాస్తా చేత పని చేయించింది. పాపీకి కుర్చీ లేదు, బల్ల లేదు, జీతమూ లేదు. పాపీ ఒక కంప్యూటర్ ప్రోగ్రాము. మరమనిషి అనగానే ఇనుప చేతులను ఊహించుకోనక్కరలేదు.

పాపీ అంటే గసగసాల పువ్వు. యుద్ధాలలో అసువులు బాసిన సైనికుల స్మృత్యర్థం బ్రిటిష్ ప్రజలు ఏటా నవంబరులో ఆ ఎర్రని పువ్వు గుర్తును ధరిస్తారు. ఆ సంస్మరణ దినానికి గుర్తుగా తోటి సిబ్బంది ఈ ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టారు.

ఓడలు, విమానాలు, కర్మాగారాల వంటి భారీ ఆస్తులకు లండన్‌లో తరచు పలు బీమా కంపెనీలు కలసి పూచీ పడతాయి. ప్రీమియం వివరాలను మధ్యవర్తులైన బ్రోకర్లు పంపుతారు. వాటిని సరిచూసి, పత్రం తయారుచేసి, అందరికీ ఉమ్మడిగా ఉన్న కేంద్ర భాండాగారంలో చేర్చే పని ఎక్స్‌చేంజింగ్ అనే సంస్థ చేసేది. బ్రోకరు పంపిన కాగితం ఒక తీరు, భాండాగారం కోరేది మరొక తీరు. రెంటికీ మధ్య వంతెన ఉద్యోగి చేతివేళ్లే. ఇక్కడ చూసి అక్కడ టైపు కొట్టాలి.

ఆ వేళ్ల పనినే పాపీకి అప్పగించారు. దీనినే రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్ అంటారు. ఇందుకు పాత కంప్యూటర్ వ్యవస్థలను తీసివేయనక్కరలేదు. ఉద్యోగి మాదిరిగానే ప్రోగ్రాము లోనికి ప్రవేశించి, తెర మీది గడులను చదివి, నింపుతుంది.

500 పత్రాలకు అనుభవం గల మనిషికి కొన్ని రోజులు పట్టగా, పాపీ సుమారు అరగంటలో ముగించినట్లు లెస్లీ విల్‌కాక్స్, మేరీ లాసిటీ అనే పరిశోధకులు 2015లో వెల్లడించారు. అప్పటికి ఆ సంస్థలో ఇటువంటి 27 రోబోలు నెలకు లక్షా 20 వేల లావాదేవీలు నడిపేవి.

మరి మనుషుల గతి ఏమిటి? ఈ రోబోల కారణంగా ఎవరినీ తొలగించబోమని ఆ సంస్థ హామీ ఇచ్చింది. అయితే ఒక సంస్థ ఇచ్చిన మాట అన్ని సంస్థలూ ఇస్తాయని లేదు. చూసి కొట్టే పనే జీవనాధారమైన వారికి ఇది ఆందోళన కలిగించే విషయమే.

అయినా మనిషి అవసరం తీరిపోలేదు. తలా ఒక తీరున వచ్చే వివరాలను ముందుగా ఒక పద్ధతిలో అమర్చి ఇస్తేనే పాపీ పని సాగేది. ఎక్కడైనా చిక్కు వస్తే మనిషికి కబురు పంపేది. ఇటువంటి ప్రోగ్రాములకు తెర మీద ఒక గడి చోటు మారినా దారి తప్పవచ్చు. నియమం తప్పుగా నేర్పితే ఆ తప్పునే అరగంటలో 500 సార్లు చేస్తాయి.

మన హైదరాబాదులోనూ ఇటువంటి ప్రోగ్రాములు రాసే యువతీ యువకులు ఉన్నారు. ఈ దారిన వెళ్లదలచిన జిల్లా విద్యార్థులు కంప్యూటరు భాషతో పాటు ఒక కాగితం ఆఫీసులో ఏ బల్ల నుండి ఏ బల్లకు, ఎందుకు వెళుతుందో కూడా తెలుసుకోవడం మంచిది. ఆ సంగతి తెలిసినవారే పాపీ వంటి గుమాస్తాకు సరిగా పని నేర్పగలరు.