ఎలుగుబంటికి ఇల్లెక్కడ?

ఆఫ్రికా ఖండం నడుమ రువాండా, ఉగాండా, కాంగో దేశాలు కలిసే చోట ఎత్తయిన చల్లని కొండలున్నాయి. లోకంలో మిగిలిన కొండ గొరిల్లాలన్నీ అక్కడే, విరుంగా కొండలలోను, బ్విండి అడవిలోను బ్రతుకుతున్నాయి. 2018 నాటికి అవి వెయ్యికి కాస్త పైగా ఉన్నట్లు తేలింది. వెదురు మొలకలు, ఆకులు, కాడలు వాటి ఆహారం. ఆ అడవి అంచు దాటితే చాలు, రైతుల బంగాళాదుంప చేలు మొదలవుతాయి.

సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల చదువరులకు ఈ మాట వినగానే మన ఎలుగుబంటి గుర్తుకు వచ్చి ఉంటుంది. అయితే ఒక తేడా ఉంది. గొరిల్లాకు అడవి వేరు, మనిషికి చేను వేరు. మన ఉద్దానంలో ఆ గీత లేదు. ఉద్యానవనం అనే మాట నుండి వచ్చిందంటారు ఉద్దానం పేరు. మనం పెంచిన ఆ తోటే ఎలుగుకు అడవి.

ఎలా అంటారా? ఎలుగుకు మూడు కావాలి: పగలు పడుకోవడానికి రాతి గుహ, తినడానికి చెదపురుగులు, పండ్లు, త్రాగడానికి నీళ్లు. దాని పై పలువరుసలో ముందు రెండు పళ్లు ఉండవు. పొడవాటి గోళ్లతో పుట్టను త్రవ్వి, ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీల్చుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. మార్చి నుండి జీడిపండు, వేసవి ముదిరేసరికి పనస, ఆ తరువాత నేరేడు. కొబ్బరి తోటల మధ్యనే పొదలు, చిన్న గుట్టలు. సరిహద్దు అవతల 1501 మీటర్ల మహేంద్రగిరి. ఇంతకంటే ఏమి కావాలి దానికి? కాబట్టి "ఎలుగు ఊళ్లోకి వచ్చింది" అని మనం అంటున్నాము గాని, చాలాసార్లు అది తన ఇంట్లోనే తిరుగుతున్నది.

ఆ ఇల్లు ఈమధ్య దెబ్బతిన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. రైతుకు ఎంత నష్టమో మనకు తెలుసు. అదే చెట్టు క్రింద మేత వెదకే జంతువును ఎవరు లెక్కవేస్తారు? చెట్టు మరల నాటుకోవచ్చు. గుట్టను రాయి కోసం పగులగొడితే, ఆ గుహ మరి తిరిగి రాదు.

మనుష్యుల బాధ చిన్నది కాదు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలు ఇద్దరూ మరణించారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. అటవీశాఖవారు మత్తుసూది వేసి ఆ ఎలుగును పట్టుకున్నారు. విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు చేరకముందే అదీ చనిపోయింది. ఆ ఇండ్లవారి ముందు నిలబడి "ఎలుగును కాపాడండి" అని చెప్పే ధైర్యం నాకు లేదు.

రువాండాలో గొరిల్లాలను చూడవచ్చే యాత్రికుల వలన కలిగే రాబడిలో నూటికి 10 వంతులు చుట్టుప్రక్కల ఊళ్లకు ఇస్తున్నారు. 2005లో 5 వంతులతో మొదలుపెట్టి 2017లో పెంచారు. బడి, నీటి తొట్టి ఆ డబ్బుతో వస్తే గొరిల్లా ఊరివారికి శత్రువు కాదు. మన ఎలుగును చూడడానికి ఎవరూ రారు. ఉద్దానం రైతుకు దానివలన మిగిలేది భయం మాత్రమే.

అందుచేత మన జాగ్రత్త మనదే. ఎలుగుకు చూపు, వినికిడి అంతంత మాత్రం. వాసన పట్టడంలో మాత్రం దిట్ట. మనిషి దగ్గరకు వచ్చేదాకా గమనించదు, గమనించగానే బెదిరి మీదపడుతుంది. వేకువజామున జీడిపిక్కలు ఏరడానికి వెళ్లే తల్లులు ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో నేల తట్టుకుంటూ వెళ్లండి. పిల్లలను వీపుమీద ఎక్కించుకున్న తల్లి ఎలుగు కనబడితే మెల్లగా వెనుకకు తగ్గండి. కుర్రవాళ్లు గుంపుగా చేరి కేకలతో, రాళ్లతో తరమడం అన్నిటికంటే ప్రమాదం. దానికి పోయే దారి వదలి అటవీశాఖవారికి కబురు చేయండి. పండి రాలిన పనసకాయను, దాని తొక్కలను ఇంటి పెరటిలో కుళ్లనివ్వకండి. ఆ వాసన గుట్ట మీదికి పోతుంది.