దీర్ఘవృత్త స్పర్శనియమం: ‘తాకడం’ అనే మాటకు గణిత నిర్వచనం

వ్యాససంగ్రహం: ఒక సరళరేఖ దీర్ఘవృత్తాన్ని తాకడానికి కావలసిన నియమం ఇంటర్మీడియట్ గణిత పాఠాలలో ఒక సూత్రంగా స్థిరపడింది. ఆ సూత్రం వెనుక ఉన్న ‘స్పర్శ’ భావనను, దానిని తెలుగులో నిర్వచించే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దీర్ఘవృత్తం, స్పర్శరేఖ, విచక్షణి, వాలు, అంతరఖండం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘తాకు’ అన్న క్రియకు అర్థవిస్తృతి ఎక్కువ. చేయి తాకుతుంది, బాణమూ తాకుతుంది. ‘తాకిడి’ అన్న రూపంలో అది దాడిగానే మారిపోతుంది. గణితానికి ఈ విస్తృతి పనికిరాదు. వక్రాన్ని కలిసి కూడా దానిని ఖండించకుండా సాగిపోయే రేఖకే స్పర్శరేఖ అని పేరు. వృత్తం విషయంలో యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ మూడవ భాగంలో చేసిన నిర్వచనం ఇదే. అయితే పాఠం చెప్పేటప్పుడు ‘ఒకే బిందువు వద్ద కలిసే రేఖ’ అన్న సులభమైన మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దీర్ఘవృత్తం వరకు ఆ మాట చెల్లుతుంది. ఎందుకు చెల్లుతుందో తెలియకపోతే తరువాతి పాఠంలోనే చిక్కు వస్తుంది.

2. నియమ సాధన

నిరూపకాలను క్ష, య అనీ, అర్ధ దీర్ఘాక్షాన్ని అ, అర్ధ హ్రస్వాక్షాన్ని బ అనీ, రేఖ వాలును మ, అంతరఖండాన్ని గ అనీ అనుకుందాం. అప్పుడు దీర్ఘవృత్తం క్ష²/అ² + య²/బ² = 1; రేఖ య = మ·క్ష + గ. రెండవదానిని మొదటిదానిలో ప్రతిక్షేపిస్తే ఈ వర్గసమీకరణం వస్తుంది:

(అ²·మ² + బ²)·క్ష² + 2·అ²·మ·గ·క్ష + అ²·(గ² − బ²) = 0

దీని విచక్షణి 4·అ²·బ²·(అ²·మ² + బ² − గ²). ఇది ధనాత్మకమైతే రేఖ రెండు చోట్ల ఖండిస్తుంది. రుణాత్మకమైతే వక్రాన్ని చేరదు. సున్న అయితే తాకుతుంది. మూడు స్థితులను వేరుచేసి చెప్పే ఈ రాశికి ‘విచక్షణి’ అన్న పేరు చక్కగా అమరింది. కనుక స్పర్శనియమం:

గ² = అ²·మ² + బ²

అర్ధాక్షాలు 4, 3; వాలు 1 అనుకుంటే గ² = 25. అంతరఖండాన్ని 4 నుంచి క్రమంగా పెంచి చూస్తే స్పర్శ ఎలా ఏర్పడుతుందో కనిపిస్తుంది. అది 4 అయినప్పుడు ఖండన బిందువుల క్ష విలువలు −4, −1.12. 4.9 అయినప్పుడు సుమారుగా −3.61, −2.66. సరిగ్గా 5 అయ్యేసరికి రెండూ −3.2 వద్ద ఒకటవుతాయి. 6 అయితే ఖండన బిందువులే ఉండవు. ఉన్న రెండు బిందువులు దగ్గరవుతూ వచ్చి కలిసిపోవడమే ఇక్కడ జరిగింది, ఒక బిందువు మాయం కాలేదు. గణితంలో దీనిని ‘ఏకీభవించడం’ అంటారు. వాడుకలో అభిప్రాయాలకు పరిమితమైన ఈ మాటకు ఇక్కడ మూలార్థం తిరిగి దక్కింది.

3. ‘ఒకే బిందువు’ ఎక్కడ చెల్లదు?

పరావలయం అక్షానికి సమాంతరంగా గీసిన రేఖ ఆ వక్రాన్ని ఒకే బిందువు వద్ద కలుస్తుంది. అయినా అది స్పర్శరేఖ కాదు, వక్రాన్ని ఖండించి లోపలికి పోతుంది. ప్రతిక్షేపించినప్పుడు వర్గపదం మాయమై ఏకఘాత సమీకరణం మిగలడమే దీనికి కారణం. అక్కడ మూలం ఒక్కటే. ఏకీభవించడానికి రెండవది లేదు. దీర్ఘవృత్తంలో వర్గపద గుణకం అ²·మ² + బ² ఎన్నడూ సున్న కాదు. అందువల్లనే అక్కడ ‘ఒకే బిందువు’ అన్నా ప్రమాదం లేదు. శాంకవాలన్నిటికీ వర్తించే నిర్వచనం కావాలంటే ‘ఏకీభవించిన రెండు బిందువుల వద్ద’ అని చెప్పడమే సమంజసం.

4. పేరులో దాగిన నిరూపణ

గ్రీకు నుంచి వచ్చిన ‘ఎలిప్స్’ అన్న పేరుకు ‘లోపం’ అని అర్థం. తెలుగులో వాడే పేరు మాత్రం సాగిన వృత్తాన్ని సూచిస్తుంది. ఈ సూచనే మరొక నిరూపణకు దారి చూపుతుంది. నిలువు కొలతలన్నిటినీ అ/బ రెట్లు పెంచితే దీర్ఘవృత్తం అ వ్యాసార్ధం గల వృత్తమవుతుంది. రేఖ రేఖగానే ఉంటుంది, స్పర్శ చెడదు. రేఖ వాలు, అంతరఖండం కూడా అ/బ రెట్లవుతాయి. వృత్తకేంద్రం నుంచి ఆ కొత్త రేఖకు గల లంబదూరం అ కు సమానమని రాస్తే పై నియమమే వస్తుంది, విచక్షణితో పని లేకుండానే.

5. నియమంలో ఇమడని రేఖలు

నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు. కనుక క్ష = అ, క్ష = −అ అన్న రెండు స్పర్శరేఖలు ఈ సూత్రానికి అందవు. పై దీర్ఘవృత్తానికే (4, 3) బిందువు నుంచి స్పర్శరేఖలు కనుక్కోమంటే (3 − 4·మ)² = 16·మ² + 9 అని రాయాలి. రెండు వైపులా వర్గపదాలు కొట్టుకుపోయి మ = 0 మాత్రమే మిగులుతుంది. సూత్రాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి ‘స్పర్శరేఖ ఒక్కటే’ అని రాసి ఊరుకుంటాడు. క్ష = 4 అన్న రెండవ రేఖ వర్గపదంతో పాటే జారిపోయిందని అతడు గమనించడు. రేఖను ల·క్ష + వ·య = న రూపంలో తీసుకుంటే నియమం అ²·ల² + బ²·వ² = న² అవుతుంది; వ = 0 అయినా చెల్లుతుంది కనుక ఆ రెండు నిలువు రేఖలూ ఇందులో ఇముడుతాయి.