వార్తల్లో పదం: పరిమిత సామర్థ్యం

కరోనా కాలంలో ఒక చోట పట్టే జనంలో కొంత వాటాను మాత్రమే లోపలికి పంపడాన్ని పరిమిత సామర్థ్యం అన్నారు. షాంఘై డిస్నీల్యాండ్ 2020 మే 11న తిరిగి తెరిచినప్పుడు, రోజుకు 80 వేల మంది పట్టేచోట 24 వేలే హద్దు. అంటే 30 శాతం. మన దేశంలో ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి వినోద పార్కులకు అనుమతి వచ్చింది. ఈతకొలనులు మాత్రం మూతే. ఫుడ్ కోర్టుల్లో సగం కుర్చీలే. రామోజీ ఫిల్మ్ సిటీ 2021 ఫిబ్రవరి 18 దాకా ఆగింది.

పార్కుకు గేటుంది, టికెట్టుంది, లెక్క కుదురుతుంది. మరి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కో? తెల్లవారుతూనే బోటు జెట్టీకి చేరుతుంది, చేపలు గుట్టలుగా పడతాయి, వేలంపాట మొదలవుతుంది. మొప్పలు ఎత్తి ఎరుపు చూడనిదే కొనేవాళ్లు పాట పెంచరు. చూడాలంటే భుజం భుజం తగలాల్సిందే. అక్కడ ‘50 శాతం’ కాగితం మీది మాటే. చేపల వేటకైతే లెక్క జనంలో కాదు, రోజుల్లోనే. లాక్‌డౌన్‌ నష్టం దృష్ట్యా 2020లో తూర్పు తీరంలో ఏటా ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని కేంద్రం 47 రోజులకు కుదించి, మే 31తో ముగించింది.