ఆకాశంలో కొలువు

ఎయిర్ హోస్టెస్ అంటే మన ఇళ్ళలో రెండే అభిప్రాయాలు. "అబ్బ, ఎంత అదృష్టం! దేశాలన్నీ ఉచితంగా చూడొచ్చు" అనేది ఒకటి. "ఎంత జీతమైతే ఏం లాభం, ఎంగిలి పళ్ళేలు ఎత్తే పనే కదా!" అనేది రెండోది. విజయనగరంలో మా వీధివారు ఈ రెండు మాటలూ అనేవారు. ఒక్కోసారి ఒకరే రెండూ అనేవారు. పదకొండేళ్ళుగా ఆ కొలువులో ఉన్నదాన్ని గనుక, అందులోని మంచిచెడ్డలు నాలుగు చెప్పదలచుకున్నాను.

అసలు ఈ ఉద్యోగం పుట్టిన కథే వింతగా ఉంటుంది. ఎలెన్ చర్చ్ అనే అమెరికన్ నర్సుకు విమానం నడపాలని కోరిక. ఆడదానికి ఆ పని ఎవరిస్తారు? నర్సు పక్కనుంటే ప్రయాణికులకు భయం తగ్గుతుందని ఆమె ఒక విమాన కంపెనీని ఒప్పించి, 1930 మే 15న మొదటి పరిచారికగా విమానమెక్కింది. అంటే ఈ పని భోజనం వడ్డించడానికి కాదు, ధైర్యం చెప్పడానికి పుట్టింది.

మన దేశంలోనూ ఇది పూలబాట కాలేదు. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు పరిచారికకు 35 ఏళ్ళకే పదవీ విరమణ. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఇంటికి. మొదటిసారి గర్భవతి అయినా ఇంటికే! నర్గీస్ మీర్జా మొదలైనవారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గర్భం నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 1981లో తీర్పు వచ్చింది. నాలుగేళ్ళ పెళ్ళి షరతును మాత్రం కోర్టు తప్పుపట్టలేదు. ఈ రోజు నేను అయిదేళ్ళ పిల్లకు తల్లినై కూడా యూనిఫాం వేసుకోగలుగుతున్నానంటే, నాకు ముఖపరిచయం లేని ఆ అక్కల చలవే.

ఇక పని సంగతి. మీరు చూసేది కాఫీ కప్పు, చిరునవ్వు. మీరు ఎక్కకముందే మేము ఆక్సిజన్ సీసాలు, మంటలార్పే సాధనాలు, లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ సరిచూస్తాం. సాధారణంగా ప్రతి 50 సీట్లకూ కనీసం ఒక పరిచారిక ఉండాలి. ప్రమాదం వస్తే సగం తలుపులే తెరుచుకున్నా, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపిస్తేనే పెద్ద విమానాలకు అనుమతి ఇస్తారు. ఆ తలుపు దగ్గర నిలబడేది మేమే. విమానం దిగేటప్పుడు మడత సీట్లో మౌనంగా కూర్చున్న పిల్లను చూసి, పాపం అలసిపోయిందనుకుంటారు. ఆ క్షణంలో ఆమె "ఏ తలుపు? బయట మంట ఉందా? ఏమని కేక వెయ్యాలి?" అని మనసులో పాఠం అప్పజెప్పుకుంటూ ఉంటుంది.

ఒంటికి శ్రమా తక్కువ కాదు. మన అరకు లోయ సుమారు 3,000 అడుగుల ఎత్తు. విమానంలోని గాలి ఆరేడు వేల అడుగుల కొండమీది గాలిలా పలచగా ఉంటుంది, పొడిగానూ ఉంటుంది. కాళ్ళు వాస్తాయి. నిద్రకు వేళాపాళా ఉండదు. దసరా వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ఈ పదకొండేళ్ళలో నేను చూసింది రెండుసార్లే. మొదట్లో మూతి విరిచిన మా అత్తగారే ఇప్పుడు ఆ ప్రసాదం దాచి ఉంచుతారు.

గల్ఫ్ విమానాల్లో మన ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు కుర్రాళ్ళు కనిపిస్తారు. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెకు హత్తుకుని కూర్చుంటారు. బెల్టు పెట్టుకోవడం తెలియక, అడగడానికి సిగ్గుపడతారు. నేను తెలుగులో పలకరిస్తే ముఖం విప్పారుతుంది. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఒకతను భోజనం ముట్టలేదు.

"ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"తమరిది మనేపేనేటమ్మా?" అని, కాసేపాగి, "మాయమ్మ పోనాది తల్లీ. కడసూపుకైనా అందుతానో నేదో" అన్నాడు.

హైదరాబాదులో దిగి, విశాఖకు మరో విమానం పట్టుకుని, అక్కణ్ణుంచి ఊరు చేరాలి. మా పై ఉద్యోగి అనుమతితో అతన్ని మొదటి వరుసలోకి మార్చాను, అందరికన్నా ముందు దించాను. అందిందీ లేనిదీ నాకు తెలియదు. నా చేతిలో ఉన్న సాయం ఆ పది నిమిషాలే. కాని వాళ్ళమ్మ భాషలో ఒక మాట వినడం ఆ రాత్రి అతనికి ఎంత అవసరమో నాకు తెలుసు.

విజయనగరం అశోక్ గజపతిరాజుగారు 2014 నుంచి 2018 వరకు కేంద్ర విమానయాన మంత్రి. శ్రీకాకుళం ఎం.పి. రామ్మోహన్ నాయుడుగారు 2024లో అదే శాఖ చేపట్టారు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అందుకే కాబోలు, ఊరెళ్ళినప్పుడల్లా తల్లిదండ్రులు అడుగుతున్నారు, "మా అమ్మాయిని పంపమంటావా?" అని.

పంపండి. అయితే లక్షలు కడితే ఉద్యోగం ఖాయమని చెప్పే శిక్షణాలయాల మాట నమ్మకండి. ఎంపికయ్యాక అసలు శిక్షణ కంపెనీయే ఇస్తుంది. అమ్మాయికి ఈత నేర్పించండి, హిందీ ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడనివ్వండి, మన యాస మాత్రం మరిచిపోనివ్వకండి. రాత్రివేళ గడప దాటిన ప్రతిసారీ ఆమెను సంజాయిషీ అడగకండి. ఎంగిలి పళ్ళెం ఎత్తడం చిన్నతనమేమీ కాదు. ఇంట్లో మన అమ్మలు రోజూ ఎత్తుతూనే ఉన్నారు కదా!