గ్రీకుగీతికి మన కొలబద్ద

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వవిచారమును ప్రకటించి, పింగళి సూరనార్యుని కావ్యములను పాశ్చాత్యవిమర్శ యను ఒరగల్లుపై గీచి చూచిరి. వారే తొలి వైస్‌ఛాన్సలరుగా 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు చేరినది. ఆ పరీక్షను తిరుగవేసి, యవనుల కవిత్వమును మన కొలబద్దతో కొలిచినచో నేమగును?

మన విద్యార్థికి గ్రీకుగీతి ఆంగ్లము మూలముననే పరిచితమగుచున్నది. ఆంగ్లఛందస్సునకు ఊనిక ప్రాణము; గ్రీకునకు, సంస్కృతాంధ్రములకు వలెనే, గురులఘువులు ప్రాణము. సొంత చెవి యుండగా అరువు చెవితో వినుట యెందులకు? డాక్టిలు మన భగణము, అనపేస్టు సగణము, ఇయాంబు వగణము. క్రీస్తునకు పూర్వము 600 ప్రాంతమున లెస్బాసు ద్వీపమున వెలసిన సాఫో పేర పరగు పాదమునకు అక్షరములు 11. నాల్గవ యక్షరమును గురువుగా గొన్నచో ర, త, జ గణములును, పైన రెండు గురువులును వచ్చును. మన యింద్రవజ్రకు త, త, జ గణములు, రెండు గురువులు. మొదటి గణము దక్క భేదమే లేదు! ఇట్టివి మూడు పాదములు. పిదప నొక పొట్టిపాదము, భగణముపై రెండు గురువులు. గ్రీకు, వైదిక ఛందస్సులకు మూలమొక్కటియేయని ఫ్రెంచి పండితుడు ఆంటువాన్ మెయ్యె 1923లోనే వాదించెను. శంకించినవారును గలరు. యతిప్రాసలు మాత్రము గ్రీకులకు లేవు.

లిరిక్కును మనవారు భావగీత మనుచున్నారు. ఇది దారి తప్పించు పేరు. ఆ పదమునకు మూలము లైరా యను తంత్రీవాద్యమే గాని కవి హృదయవేదన గాదు. ఒకడు వాద్యముతో పాడునది కొంత, జట్టుగట్టి యాడుచు పాడునది కొంత. స్ట్రోఫీ, ఆంటిస్ట్రోఫీ యనగా మలుపు, ఎదురుమలుపు. కోలాటము చూచినవానికి వేరు వ్యాఖ్య యక్కరలేదు. గేయమనిన చాలును.

అలంకారముల యెడ మన మాటకు మరింత పదును గలదు. సాఫో సమకాలికుడైన ఆల్కేయసు నిరంకుశుల నెదిరించి ప్రవాసమనుభవించిన కవి. తుపానులో నీరెక్కిన యోడను, చినిగిన తెరచాపను అతడు వర్ణించెను. నగరము పేరెత్తలేదు. ఆ తుపాను మిర్సిలసు దౌర్జన్యమని తరువాతి వ్యాఖ్యాత హెరాక్లిటసు విప్పిచెప్పెను. డాల్ఫిన్ నోస్ కొండ క్రింద తుపానుసముద్రమును చూచిన విశాఖవాసికి ఆ వర్ణనము పుస్తకవిషయము గాదు. ఇది అన్యాపదేశము. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చినపుడు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చెప్పిన పద్యమున దేశము ఆవు, ప్రజలు దూడలు, తెల్లవారు గొల్లలు. అచ్చట దేని పేరు దానికి చెప్పబడినది. కనుక అది రూపకము. ఒకటి ముసుగు వైచుకొన్నది. రెండవది ముఖమెత్తి పలికినది. ఈ రెంటిని పోలిక యను నొక్క మాటతో సరిపుచ్చినచో కవులు చూపిన తెగువలోని తారతమ్యమే తెలియదు.

మన శాస్త్రమున పేరు లేనివియు గలవు. అశ్వదళము సుందరమని కొందరు, పదాతులని కొందరు, నౌకలని కొందరు అందురని చెప్పి, ఎవరు దేనిని వలతురో వారికదియే సుందరమని తేల్చుట సాఫో యొక గీతమున జూపిన రీతి. దీనికి గ్రీకులును పేరు పెట్టలేదు; పాఠ్యగ్రంథములలోని ప్రియామెల్ అను పేరు జర్మను పండితులది. మన తార్కికుల పూర్వపక్షసిద్ధాంతక్రమము దీనికి సన్నిహితము. అయినను ఇచ్చట పూర్వపక్షి యోడింపబడడు. మెల్లగా ప్రక్కకు తొలగింపబడును.