క్రోమోసోములను కాచే ప్రోటీన్లు: మందులకు లక్ష్యం, నిరోధక శక్తి నేర్పిన పాఠం

తిరుమల కొండల దిగువన, చిత్తూరు ప్రాంతపు ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగ రెండు నెలల పైరయ్యేసరికి ఆకులపై గుండ్రటి నల్లమచ్చలు తేలుతాయి. అది తిక్క ఆకుమచ్చ తెగులు. క్షేత్ర సందర్శనలలో రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “సార్, పోయినేడు ఇదే మందు కొడితే తెగులు నిలిచింది. ఈ ఏడు రెండుసార్లు కొట్టినా నిలవలేదు. ఏమి కారణం?” ఆలస్యంగా పిచికారీ చేయడం, చేసిన వెంటనే వాన కురవడం కారణాలు కావచ్చు. అయితే ఆ మందు కార్బెండజిం అయినప్పుడు, సమాధానాన్ని శిలీంధ్ర కణం లోపల, క్రోమోసోములు విడిపోయే చోట కూడా వెదకాలి.

కణంలో జరిగే పంపకం

వేరుశనగ కణంలో 40 క్రోమోసోములు ఉంటాయి. కణం విభజన చెందే ముందు ప్రతి క్రోమోసోము తన నకలును తయారు చేసుకుంటుంది. ఆపైన రెండు పిల్ల కణాలకు ఒక్కటి కూడా తప్పకుండా 40 చొప్పున చేరాలి. ఈ బాధ్యతలో ఎస్.ఎం.సి. కుటుంబానికి చెందిన మూడు ప్రోటీన్ సముదాయాలు ప్రధానమైనవి. కొహెసిన్ ఉంగరం వలె చుట్టుకొని జంట నకళ్లను సమయం వచ్చేవరకు కలిపి ఉంచుతుంది. కండెన్సిన్ పొడవాటి డి.ఎన్.ఎ. పోగును ఉచ్చులుగా లాగి కుదిస్తుంది. ఒక్క కండెన్సిన్ సముదాయం ఈ విధంగా ఉచ్చు లాగడాన్ని 2018లో శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని ద్వారా ప్రత్యక్షంగా చూశారు. ఎస్.ఎం.సి. 5/6 సముదాయం దెబ్బతిన్న డి.ఎన్.ఎ. మరమ్మతుకు తోడ్పడుతుంది.

సమయం రాగానే సెపరేజ్ అనే ఎంజైము కొహెసిన్ ఉంగరాన్ని తెంచుతుంది. ట్యూబులిన్‌తో నిర్మితమైన కండె తంతువులు నకళ్లను చెరొక వైపుకు లాగుతాయి. పట్టి ఉంచేవి, కుదించేవి, లాగేవి – వీటిలో ఏది నిలిచిపోయినా కణం బతకడం కష్టం. అందుకే ఇవి మందులకు లక్ష్యాలు.

ఒకే లక్ష్యం, పలు మందులు

వీటిలో మానవునికి మొదట చిక్కినది ట్యూబులిన్. మన ఇళ్ల ముందు పూసే బిళ్ళ గన్నేరు నుండి లభించే విన్‌క్రిస్టీన్ రక్త క్యాన్సరు చికిత్సలో వాడే మందు. అగ్నిశిఖలో ఉండే కాల్చిసిన్‌తో ప్రజనన శాస్త్రజ్ఞులు మొక్కల క్రోమోసోముల సంఖ్యను రెట్టింపు చేస్తారు. రెండూ పనిచేసేది ట్యూబులిన్ మీదనే. వేరుశనగపై పిచికారీ చేసే కార్బెండజిం, గొర్రెలకు తాపే, పిల్లలకు నులిపురుగుల నివారణకు ఇచ్చే అల్బెండజోల్ ఒకే బెంజిమిడజోల్ కుటుంబానికి చెందినవి. ఇవి బీటా-ట్యూబులిన్‌కు అతుక్కొంటాయి.

కణ విభజనను ఆపడం ఒక్కటే చాలదు. తెగులు కారకంలో ఆపి, పైరులో ఆపకుండా ఉండటమే మందు విలువ. కార్బెండజిం శిలీంధ్రపు ట్యూబులిన్‌కు గట్టిగా, మొక్క ట్యూబులిన్‌కు బలహీనంగా అతుక్కొంటుంది. పైరు బతకడానికి ఆ తేడాయే ఆధారం.

198వ స్థానం

ఆ తేడా కొద్దిపాటి అమైనో ఆమ్లాలపై నిలిచి ఉన్నది. బీటా-ట్యూబులిన్‌లో 198వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు అలనిన్ చేరితే చాలు, మందు అతుక్కోదు. ట్యూబులిన్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. మొక్కలో కార్బెండజింగా మారే బెనోమిల్ 1960 దశకం చివర వాడుకలోకి వచ్చింది. 1969లోనే దోస జాతి పంటల బూడిద తెగులులో నిరోధక శక్తి బయటపడింది. 1974 నాటికి అమెరికాలోని అలబామా, జార్జియా రాష్ట్రాల వేరుశనగ ఆకుమచ్చ శిలీంధ్రాలలోనూ అది కనిపించింది. గొర్రెల కడుపులోని పురుగులలో 200వ స్థానంలోని మార్పు ఇదే ఫలితాన్నిచ్చింది.

క్యాన్సరు పరిశోధన ఇప్పుడు కొహెసిన్ వైపు చూస్తున్నది. కొన్ని మూత్రాశయ క్యాన్సర్లలో కొహెసిన్‌లోని స్టాగ్-2 భాగం లోపించి ఉంటుంది. ఆ కణాలు దాని జోడీ అయిన స్టాగ్-1 మీదనే ఆధారపడి బతుకుతాయి. స్టాగ్-1ను కూడా తొలగిస్తే అవి చనిపోతాయని, రెండూ ఉన్న కణాలు తట్టుకొంటాయని 2017లో ప్రయోగశాలలో నిరూపితమైంది. ఇక్కడ కూడా ఆధారం తేడాయే. కొహెసిన్, కండెన్సిన్ల నిర్మాణం ఈస్టు నుండి మనిషి దాకా చాలావరకు ఒకటే. కాబట్టి శిలీంధ్రాలపై వీటిని లక్ష్యం చేసుకొనేవారు ముందుగా తేడాను గుర్తించాలి. అది ఒక్క బిందువు మీద నిలిచినదైతే, కార్బెండజింకు పట్టిన గతే కొత్త మందుకూ పట్టవచ్చు.

విస్తరణలో పాటించవలసినవి

కార్బెండజింను ఒంటరిగా పదేపదే సూచించరాదు. శిలీంధ్రంలో పలు చోట్ల పనిచేసే మాంకోజెబ్‌తో కలిపి వాడించాలి. తదుపరి పిచికారీకి, కణపొరలోని ఎర్గోస్టెరాల్ తయారీని ఆపే హెక్సాకొనజోల్ లేదా టెబుకొనజోల్‌ను ఎంచుకోవాలి. మందు పేరు మారినంత మాత్రాన వర్గం మారదు. థయోఫనేట్ మిథైల్ కూడా మొక్కలో కార్బెండజింగానే మారుతుంది. పంట మార్పిడి, పంట అవశేషాల తొలగింపు మొదటి మెట్లు. ఆ తరువాతి మెట్టు నిరోధక రకాలు. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు జి.పి.బి.డి.-4 రకానికి ఆకుమచ్చను తట్టుకొనే గుణం అరాకిస్ కార్డినాసి అనే అడవి వేరుశనగ క్రోమోసోము ముక్క ద్వారా సంక్రమించినదే.

విద్యార్థులకు ఒక సూచన. మందు పనిచేయలేదన్న పొలం నుండి మచ్చల ఆకులు తెచ్చి, శిలీంధ్రాన్ని వేరుచేసి, కార్బెండజిం కలిపిన మాధ్యమంపై పెంచి చూడండి. అది పెరిగితే నిరోధక శక్తిని అనుమానించి, ట్యూబులిన్ జన్యువును పరీక్షించాలి. పెరగకపోతే పిచికారీ సమయాన్నీ, మోతాదునూ పరిశీలించాలి. ఈ పరీక్ష జరపకుండా రైతు ప్రశ్నకు చెప్పే జవాబు ఊహ మాత్రమే. ఆ ఊహకు మూల్యం చెల్లించేది రైతే.